జత తప్పిన పళ్లు

పోయినవారం మనం షెడ్డులోంచి బయటికొచ్చేసరికి పికప్పు కింద నూనె ఇంకా కారుతూనే ఉంది. చిన్నమేస్త్రి వెనక ఇరుసు మధ్యనుండే గేర్లపెట్టె, అదే డిఫరెన్షియల్, దాని అడుగున ఉన్న బోల్టు విప్పింది. నల్లటి నూనె వెంట గోరంత ఇనప ముక్క ఒకటి, బోల్టుకున్న అయస్కాంతాన్ని పట్టుకుని బయటికొచ్చింది. అది గేరు పన్ను ముక్క. ఏ గేరుదో, ఎందుకు విరిగిందో తెలిసేలోపే మనకి పేజీ అయిపోయింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను, పాతవాళ్లు ఓపిక పట్టాలి. కొండ దిగే రోడ్డు చివర ఉన్న ఆ షెడ్డు మేస్త్రిది. నలభై ఏళ్లుగా బండ్ల వెనక ఇరుసులు విప్పి బిగించడమే ఆయన పని. ఇద్దరు కూతుళ్లు. పెద్దకూతురి మొగుడు ఐసు ఫ్యాక్టరీ పికప్పు తోలతాడు. రెండో అమ్మాయి తండ్రి పక్కన స్పానరు పట్టుకుంది. అందరూ ఆమెను చిన్నమేస్త్రి అంటారు. అలా పిలిస్తే ఆమెకు కోపం, పిలవకపోతే ఇంకా కోపం.

పది రోజుల క్రితం, ఓ శుక్రవారం పొద్దున, ఐసు దిమ్మలతో కొండ దిగుతున్న అల్లుడిగారి బండి వెనక చక్రాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. బండి జారి రాతిగోడకు గుద్దుకుంది. ఆయన మెడ కింద ఎముక విరిగి కొండ మీద ఆసుపత్రిలో పడ్డాడు. తప్పు డ్రైవరుదేనంటాడు ఫ్యాక్టరీ మేనేజరు. అదే తేలితే ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ ఉన్నవాడికి ఇంకో బండి తాళాలు ఎవరూ ఇవ్వరు. "నా కళ్ల ముందు విప్పండి, ఇనుము ఏం చెబితే అది" అని మేనేజరే ఒప్పుకున్నాడు. ఇవాళ ఆ ఇనుము నోరు విప్పే రోజు.

*

పొద్దున ఎనిమిదింటికే అక్క షెడ్డుకొచ్చింది. మొగుణ్ణి ఇవాళ ఇంటికి పంపించేస్తామన్నారు ఆసుపత్రిలో. మొక్కల నర్సరీ నడిపే ముసలాయన తన పికప్పు తీసుకుని కొండ మీదికి వెళ్తున్నాడు, ఎక్కించుకుపోయి మళ్లీ దించుతానన్నాడు. ఆయన్ని అందరూ మొక్కలాయన అంటారు. దారిలో ఎవరు చెయ్యెత్తినా బండి ఆపుతాడు, తన నత్తనడకతో కుందేళ్లకి కూడా ఓపిక నేర్పుతాడు.

"ఏం చిన్నమేస్త్రీ, మా బండికి సంగీతం నువ్వే నేర్పావా?" అన్నాడు తల బయట పెట్టి. "వారం రోజుల్నించీ దిగుడులో కూనిరాగం తీస్తోంది."

అప్పుడామె ఐసు బండి కింద పడుకుని రెండు పక్కలా ఇరుసు కడ్డీలు లాగుతోంది. చెవిలో మట్టి, నోట్లో టార్చిలైటు.

"మధ్యాహ్నం చూస్తాలే బాబాయ్," అంది టార్చి తీసి.

"వచ్చేటప్పుడు పైన ఎరువు బస్తాలు ఎక్కించుకుంటా. బరువుంటే గొంతు సవరించుకుంటుందేమో."

అక్క నవ్వింది. పది రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. వెళ్తూ వెళ్తూ చెల్లెలి దగ్గరికొచ్చి వంగింది. "ఒసే, ఏం దొరికినా సరే, నిజమే చెప్పండి. ఆయన నిద్రపోయాడని తేలినా నేను బతుకుతాను. తెలీకపోతేనే బతకలేను." అని, చీర చెంగు దోపుకుని బండెక్కింది.

పదిన్నరకి మేనేజరొచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని, పాత టైరు మీద అట్టముక్క పరుచుకుని కూర్చున్నాడు. చేతిలో ఫైలు, ఫైల్లో ఒకే ఒక కాగితం. వాహనం దెబ్బతినడానికి డ్రైవరు నిర్లక్ష్యమే కారణమని పరీక్షలో తేలింది అని టైపు చేసి, కింద మేస్త్రి సంతకానికి చోటు వదిలిపెట్టారు. పెళ్లికి ముందే పిల్లాడికి పేరు పెట్టే రకం.

మేస్త్రి ఓ పక్కన నిలబడ్డాడు. రెండు నెలల క్రితం రెండు కళ్లకీ శుక్లాలు తీయించుకున్నాడు. ఇప్పుడు సూదిలో దారం కూడా ఎక్కిస్తున్నాడు. కానీ పొద్దున్నించీ ఒక్క బోల్టూ ముట్టుకోలేదు.

చిన్నమేస్త్రి వెనక మూత బోల్టులు పదీ వరసగా విప్పి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేసింది. మూత ఊడొచ్చింది. లోపల పళ్లెమంత క్రౌన్ వీలు నూనెలో నల్లగా నిగనిగలాడుతూ కనిపించింది. ఇంజను తిప్పే తిప్పుడంతా పినియన్ అనే చిన్న గేరు మీంచి ఈ పెద్ద గేరుకి వస్తుంది, దీన్నించి చక్రాలకి పోతుంది. ఆ పెద్దదానికి వరసగా మూడు పళ్లు లేవు.

"చూశారా," అన్నాడు మేనేజరు లేచి నిలబడి. "లోడు బండిని అడ్డదిడ్డంగా కుదిపితే విరక్కుండా ఉంటాయా? నేను మెకానిక్కును కాదు గానీ, ఇరవై ఏళ్లుగా డ్రైవర్లని చూస్తున్నా."

"డ్రైవర్లని చూస్తే పళ్లు అర్థం కావు సార్."

"మీ బావ కాబట్టి అలాగే అంటావమ్మా."

"మా బావ ఏం చెప్పాడో మీ ముందే చెప్పాడు. నెల రోజులుగా దిగుడులో వెనక నుంచి కూత వస్తోందన్నాడు. ఆ రోజు కూస్తూ కూస్తూ ఉన్నట్టుండి ఆగిపోయిందన్నాడు. హమ్మయ్య అనుకునేలోపే చక్రాలు బిగుసుకున్నాయన్నాడు. విరిగిన పన్ను గేర్ల మధ్య ఇరుక్కుంటే అలాగే అవుతుంది. నిద్రపోయేవాడికి ఇవన్నీ వినపడతాయా?"

మేనేజరు ఫైలు మూశాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

చిన్నమేస్త్రి గుడ్డని కిరసనాయిల్లో ముంచి మిగిలిన పళ్లు తుడిచింది. పన్నుకి పన్ను ఎక్కడ రాసుకుంటుందో అక్కడ మెరుపు తేలుతుంది. ఆ మెరుపు పన్ను నడుమ ఉండాలి. ఇక్కడ ఒక్క పన్నుకీ నడుమ లేదు. అన్నిటికీ బయటి అంచునే, గోటితో గీకినంత సన్నగా ఉంది. అంటే బరువంతా అంచు మీదే మోసింది. అది డ్రైవరు చేయగలిగిన పని కాదు. లోపల బిగించినవాళ్లే చేయాలి.

ఆమె తలెత్తి తండ్రిని చూసింది. ఆయన కూడా ఆ మెరుపే చూస్తున్నాడు. చూసి, తొట్టి దగ్గరికెళ్లి, మురికే అంటని చేతుల్ని సబ్బు పెట్టి కడుక్కున్నాడు. తుడుచుకుంటూ వచ్చి మేనేజరు ముందు చెయ్యి చాపాడు.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి సార్. సంతకం పెడతా."

షెడ్డులో కంప్రెషరొక్కటే గుడగుడలాడుతోంది.

"నాన్నా, క్రౌన్ ఇంకా బయటికే తియ్యలేదు," అంది కూతురు.

"తియ్యక్కర్లేదు. నలభై ఏళ్లుగా చూస్తున్నా."

"మెరుపు ఎక్కడ పడిందో చూశావుగా."

"చూశా."

"చూసి, బావ మీద సంతకం పెడతావా?"

"అల్లుడికి ఇంకో పని చూద్దాం. ఈ ఫ్యాక్టరీ కాకపోతే ఇంకోటి."

"అక్క మొహం ఎలా చూస్తావు?"

ఆయన పెన్ను మూత తీశాడు. నాకు ఈయనంటే మొదట్నించీ ఇష్టమే, మీకూ తెలుసు. కానీ ఆ నిమిషంలో ఆయన చేతిలోంచి పెన్ను లాక్కుని విరిచెయ్యాలనిపించింది. ఎదురుగా ఉన్న కూతురికి ఎలా ఉండుంటుందో మీరే ఊహించుకోండి.

ఆమె అరవలేదు. స్పానరు తీసుకుని క్రౌన్‌ని పట్టి ఉంచే బేరింగు కట్లు రెండూ విప్పడం మొదలుపెట్టింది. నాలుగు పెద్ద బోల్టులు. ఒక్కోటీ ఊడుతుంటే ఇనుము కిర్రుమంది. "కాస్త ఆగండి సార్. ఇనుము ఏం చెబితే అదన్నారుగా, సగం మాటలోనే లేచిపోతారా?" అంది.

మేనేజరు కాగితం మేస్త్రికివ్వలేదు. మనిషి మొండివాడే గానీ మాట తప్పేవాడు కాదు. పైగా ఆమె ఒక్కతే అంత బరువుని ఒళ్లోకి లాక్కుంటుంటే చూడలేక, "పట్టమంటావా?" అంటూ ముందుకొచ్చాడు. ఆ తెల్లచొక్కా ముంజేతుల దగ్గర నల్లబడింది. ఇద్దరూ కలిసి క్రౌన్‌ని తెచ్చి బల్ల మీద పెట్టారు.

ఆమె దాని అంచు తుడిచింది. ఇనుము మీద గీకిన అంకెలు చిన్నగా తేలాయి. పద్దెనిమిది. తర్వాత ఖాళీ అయిన గూటిలోకి టార్చి వేసి, పినియన్ నెత్తి మీద నూనె వేలితో తుడిచింది. వేలు అక్కడే ఆగిపోయింది.

ఈ గేర్లు జంటగా పుడతాయి. ఒకదాన్నొకటి అరగదీసి, కుదిరాక, రెండిటి మీదా ఒకే నంబరు గీకి పంపిస్తారు. ఒకే రకం బండిదైనా సరే, ఇంకోదాని పినియన్ దీనికి పెడితే తిరుగుతుంది, కానీ కాపురం చెయ్యదు. అందుకే ఈ షెడ్డులో రెండు కట్టుబాట్లున్నాయి. ఒక బండి కడుపు మూసేదాకా ఇంకో బండి కడుపు తెరవకూడదనేది మొదటిది. రెండోది నంబరు పలకడం. పినియన్ దగ్గరున్న మనిషి దాని నంబరు పైకి చదవాలి, క్రౌన్ దగ్గరున్న మనిషి దీనిది చదవాలి. రెండు గొంతులూ ఒకటే చెబితేనే బిగించాలి. ఒకే గొంతు రెండూ చదవకూడదు.

రెండు నెలల క్రితం మేస్త్రి కళ్లకి కట్టుతో ఆసుపత్రిలో ఉండగా ఐసు బండీ, మొక్కలాయన బండీ ఒకేసారి బేరింగుల కోసం వచ్చాయి. ఇద్దరికీ తొందర. అంతకంటే, నాన్న వచ్చేసరికి రెండూ తయారుగా ఉంచి ఔరా అనిపించుకోవాలని ఈమెకి తొందర. రెండు కడుపులూ ఒకేసారి తెరిచింది. రెండు పినియన్లూ ఒకే పళ్లెంలో కడిగింది. మూడో రోజు ఆయన ఇంట్లో కూర్చోలేక నల్లకళ్లద్దాలు పెట్టుకుని వచ్చేశాడు. పినియన్‌ని చేత్తో తడిమి గూట్లో కూర్చోబెట్టి, "నంబరు పలుకమ్మా, నాకు ఆనడం లేదు" అన్నాడు. అప్పుడామె క్రౌన్ దగ్గరుంది. పద్దెనిమిది అని చదివింది. పినియన్ వైపు వంగలేదు, చూడలేదు. "ఇదీ పద్దెనిమిదే నాన్నా," అంది.

ఆ మాట ఇప్పుడామెకి అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. ఇప్పటికిప్పుడు టార్చి ఆర్పేస్తే చాలు. ఆ అంకెలు ఇంకెవరూ చూడలేదు. తండ్రి సంతకానికి సిద్ధంగా ఉన్నాడు, మేనేజరుకి కావలసింది కూడా అదే. అందరికీ సుఖమే, ఎముక విరిగిన ఒక్కడికి తప్ప.

"నాన్నా," అంది. "ఇలా వచ్చి నంబరు పలుకు."

ఆయన కదల్లేదు.

"కట్టుబాటు నువ్వే పెట్టావు. రా. నేను క్రౌన్ దగ్గరున్నా."

మేనేజరు ఒకసారి తండ్రినీ ఒకసారి కూతుర్నీ చూశాడు. మేస్త్రి మెల్లిగా వచ్చి బండి వెనక మోకాళ్ల మీద కూర్చుని టార్చి అందుకున్నాడు. వంగి చాలాసేపు చూశాడు. ఆ కళ్లకి ఇప్పుడు అంతసేపు అక్కర్లేదు.

"పద్దెనిమిది," అంది ఆమె.

ఆయన పెదాలు తడుపుకున్నాడు. "ముప్ఫై ఒకటి."

మేనేజరుకి విషయం పూర్తిగా ఎక్కలేదు గానీ, ఏదో ఇంటి గుట్టు తన కళ్ల ముందే బయటపడిందని అర్థమైంది. మర్యాదగా ఓ అడుగు వెనక్కి వేశాడు.

"నా తప్పే సార్," అన్నాడు మేస్త్రి లేచి. "కళ్లు ఆనని రోజుల్లో బిగించా. జత తప్పింది. అల్లుడికి ఏ పాపం తెలీదు."

"కాదు సార్," అంది ఆమె. "ఆయన నంబరు అడిగారు. నేను చూడకుండా చెప్పాను. తప్పు నాది." తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ప్రమాదానికి ముందు బుధవారం, అల్లుడు బండి తెచ్చి కూత వస్తోందన్న రోజు. ఒక చుట్టు తోలి విన్నా. కొత్త బేరింగులు, సర్దుకుంటాయని చెప్పి పంపించా." ఆయన చేతిలో గుడ్డ ఉండ చుట్టుకుపోతోంది. "ఆదివారం నువ్వు లేనప్పుడు పిలిచి, విప్పి చూద్దామనుకున్నా. శుక్రవారమే గోడకి కొట్టుకుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే స్పానరు కింద పెట్టేస్తావు. నీ సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు సైకిలు చైను తప్పుగా వేశావని ఏడాది పాటు సైకిలు ముట్టుకోలేదు. నా తర్వాత ఈ షెడ్డుకి నువ్వు తప్ప ఎవరున్నారే?"

"అందుకని బావని ముంచుతావా? నా చేతులు నల్లగా కనపడకూడదని ఆయన మొహానికి మసి పూస్తావా?" ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండింది. తండ్రి మీద ఎంత కోపమొచ్చిందో, అంతకు రెండింతలు తన మీద వచ్చింది. "అక్క ఏమందో తెలుసా పొద్దున? నిజం తెలీకపోతే బతకలేనంది. నువ్వు అక్కకి అబద్ధం చేతిలో పెట్టి ఇంటికి పంపేవాడివి."

మేస్త్రి తల దించుకున్నాడు. నలభై ఏళ్లలో ఒక్క బండీ మళ్లీ వెనక్కి రాని మనిషి, కన్నకూతురి ముందు అలా నిలబడ్డాడు.

ఆమె మేనేజరు చేతిలోంచి కాగితం తీసుకుని వెనక్కి తిప్పింది. బల్ల మీద పెట్టి, నూనె చేత్తోనే రాసింది. క్రౌన్ నంబరు పద్దెనిమిది. పినియన్ నంబరు ముప్ఫై ఒకటి. జత కానివి కలిపి బిగించడం వల్ల పళ్లు విరిగి వెనక చక్రాలు బిగుసుకున్నాయి. బిగించినది మా షెడ్డు. నంబరు చూడకుండా చెప్పినది నేను. డ్రైవరు తప్పు లేదు. కింద సంతకం పెట్టింది. తండ్రి పెన్ను తీసుకుని, ఆమె పేరు పక్కన తన పేరు రాశాడు. ఆ సంతకం ఆయన ఎప్పుడూ పెట్టేదానికంటే చిన్నగా వచ్చింది.

మేనేజరు రెండుసార్లు చదువుకున్నాడు. "మీ షెడ్డుకి మా బండ్లు ఇంకా పంపాలా వద్దా అన్నది పైవాళ్లు చూసుకుంటారు," అన్నాడు. "డ్రైవరు మాత్రం ఎముక అతుక్కోగానే డ్యూటీకి రావచ్చు. ఆ మాట నేనే వెళ్లి చెబుతా."

అక్కడితో అయిపోవాలి నిజానికి. బావ గెలిచాడు. చిన్నమేస్త్రి గుండెల మీంచి ఓ బరువు దిగి ఇంకో బరువు ఎక్కింది, దాంతో బతకడం మెల్లిగా నేర్చుకుంటుంది. కానీ మేనేజరు ఫైలు మూస్తూ, వెళ్లే ముందు ఏదో ఒకటి అడగాలన్నట్టు అడిగాడు.

"అవునూ, మరి ఈ ముప్ఫై ఒకటికి అసలు జత ఎక్కడుందమ్మా?"

ఆమె చటుక్కున తిరిగి కొండ రోడ్డు వైపు చూసింది.

ఆ రోజు పళ్లెంలో ఉన్నవి రెండే పినియన్లు. మొక్కలాయనది ఇందులో ఉంటే, ఇందులోది మొక్కలాయన బండిలో ఉంది. రెండు నెలలుగా అదీ అంచు మీదే తిరుగుతోంది. ఐసు బరువుకి ఇది ముందు విరిగింది, పూలమొక్కల తేలిక మీద అది ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. వారం నుంచి దిగుడులో కూనిరాగం తీస్తోంది. ఇవాళ ఎరువు బస్తాలు ఎక్కించుకుంటుంది. ముందు సీట్లో అక్క, బావ.

"టైమెంతయింది?" అంది.

"పదకొండూ ముప్పావు," అన్నాడు మేనేజరు.

ఆసుపత్రివాళ్లు బావని పదకొండింటికి పంపించేస్తామన్నారు. ఆమె ఫోను తీసి అక్కకి కొట్టింది. షెడ్డు వెనక గోడ అలమరలో, చార్జింగు వైరుకి వేలాడుతూ అక్క ఫోను మోగింది. బావ ఫోను ఆ శుక్రవారమే రాతిగోడ దగ్గర ముక్కలయింది. మొక్కలాయనకి కొట్టింది. మోగుతోంది, మోగుతూనే ఉంది. ఆయన బుద్ధిమంతుడు, బండి నడుపుతూ ఫోను ఎత్తడు. అంటే నడుపుతున్నాడు.

మేస్త్రి చెయ్యి పైకెత్తాడు. "కంప్రెషరు ఆపు."

ఆపింది. ఆయన కళ్లు ఎప్పుడు మోసం చేసినా చెవులు మోసం చెయ్యలేదు. తల కొండ వైపు తిప్పాడు. మొదట ఏమీ లేదు, కాసేపటికి సన్నగా ఓ కూత. మలుపు తిరుగుతున్నకొద్దీ పెద్దదవుతోంది. పై మలుపు దాటింది. ఇక మిగిలింది రాతిగోడ మలుపు, ఆ తర్వాత షెడ్డు దాకా నిట్టనిలువు దిగుడు.

ఆమె వాకిట్లోకి వచ్చేసరికి కూత గట్టిగా, నిలకడగా వినిపిస్తోంది. దాని వెంట మొక్కలాయన హారను కూడా. మలుపు కదా, పద్ధతిగా కొడుతున్నాడు.

అంతలో కూత ఆగిపోయింది.

"హమ్మయ్య, ఆగిందిగా," అన్నాడు మేనేజరు ఊపిరి వదిలి.

ఆయన పక్కన ఎవరూ లేరు. తండ్రీ కూతుళ్లిద్దరూ అప్పటికే రాతిగోడ వైపు పరుగెడుతున్నారు.